రుఖాయా ఇంటి పెళ్ళిలో మోగిన నా డోలు

దయామయుడైన దేవుని పేర.

రుఫిస్క్ పట్టణం, చావ్లెన్ పేట కాపురస్తురాలిని, కీర్తిశేషుడు మపాతె సంబ్ పెద్ద భార్యను, డోలు వాయించే గెవెల్ కులంలో పుట్టి అదే కులంలో మెట్టినదాన్ని, యాసిన్ సెక్ అనబడే నేను, మోకాళ్ళు తప్ప తక్కినవన్నీ సరిగా ఉండగా, ముఖ్యంగా బుద్ధీ నాలుకా సరిగా ఉండగా, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా రాయించిన వీలునామా. లోగడ కోపంలో నోటితో చెప్పిన పంపకాలన్నీ ఇందుమూలంగా రద్దు. కోపం రద్దు కాలేదు.

మతం ఏర్పరచిన వంతులు వంతుల ప్రకారమే నా కొడుక్కీ కూతురికీ చెందాలి. నా ఇష్టానికి వదిలిన మూడో వంతు గురించే ఈ కింది మాటలు. పిల్లలిద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు?

1. నా కొడుకు ఇబ్రా సంబ్ ఈ వీలునామాకు కార్యనిర్వాహకుడు. సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. తాతల నాటి నుంచి డోలు కొట్టే ఇంట పుట్టి, తలుపు తట్టినా తాళం తప్పుతాడు. కానీ అబద్ధమాడడు. ఆస్తి పంచడానికి లయ అక్కర్లేదు, అది చాలు.

2. ఎదురు వీధి అజా రుఖాయా గెయ్ కొడుకు అల్యూన్‌కు, మా గుమ్మంలో వదిలి వెళ్ళిన పసుపుపచ్చ తోలు చెప్పుల జత. మూడేళ్ళు వాడు ఆ చెప్పులు విడిచి మా ఇంట్లోకి వచ్చాడు. మా చేపల అన్నం తిన్నాడు, నా కూతురు మరేమ్ పోసిన టీ తాగాడు. “అమ్మా, వానలు తగ్గగానే, పిల్లనడగడానికి కోలా గింజలు పట్టుకుని మా వాళ్ళని పంపిస్తాను” అని నన్ను అమ్మా అని పిలిచాడు. ఒకనాటి సాయంత్రం వీధిలోంచి తల్లి కేకేస్తే వట్టి కాళ్ళతో పరిగెత్తాడు. మళ్ళీ రాలేదు. చెప్పులు ఎలుకలు కొట్టకుండా దాచాను. ఇబ్రా స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వాలి, వాడి భార్య చూస్తుండగా.

3. పై చెప్పిన అజా రుఖాయాకు నా ఆస్తిలో సూది కూడా లేదు. ఆమె అడగలేదు, నిజమే. అయినా లేదని రాసి ఉండడం నాకు అవసరం.

మా అత్తగారి అత్తగారి నాటి నుంచి ఆ ఇంటి పురుడుకీ పెళ్ళికీ మేళం మాదే. వాళ్ళ ముత్తాతల పేర్లు వాళ్ళకన్నా మాకే బాగా తెలుసు. అల్యూన్ రావడం మానేసిన వారానికి ఆమె నా నట్టింట్లో కూర్చుని, నేనిచ్చిన ఎర్ర గోంగూరపూల షర్బత్ తాగి, మూతి తుడుచుకుని, “నీ కూతురు బంగారం యాసిన్. కాదనను. కానీ మా రక్తంలో డోలు లేదు” అంది. గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళింది. కొడుక్కి సెయింట్ లూయీ నుంచి తమ కులపు పిల్లను కుదుర్చుకుంది. అక్కడితో ఆగినా క్షమించేదాన్నేమో. ఆ నెలలోనే మనిషిని పంపింది: “పెళ్ళికి మీ మేళమే రావాలట. ఆనవాయితీ తప్పకూడదట.”

అప్పటికి నా భర్త పోయి రెండేళ్ళు. డోళ్ళు నా గది పక్క కొట్టులో ఉన్నాయి. తాళం వేశాను. తలమీద గుడ్డ కప్పుకుని ఊళ్ళో ఉన్న ప్రతి డోలు ఇంటి గడపా ఎక్కాను. మరేమ్‌కు జరిగిన అన్యాయం చెప్పాను. వాళ్ళకూ కూతుళ్ళున్నారు. ఆ పెళ్ళిలో డోలు కర్ర ఎత్తబోమని ఒక్కొక్కరూ ప్రమాణం చేశారు. డోలు లేని పెళ్ళి ఎలా ఉంటుందో తెలుసా? ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఒకళ్ళ నగలు ఒకళ్ళు చూసుకుంటారు. కోడలు గడపలో అడుగు పెట్టిందని కూడా ఊరికి తెలియదు. ఆ ఇంటి మనవలు సైతం ‘మూగ పెళ్ళి వాళ్ళు’ అనిపించుకుంటారు. నాకు కావలసింది అదే.

4. నా సవతి దియోర్‌కు, వీధివైపు గది, నా ఫ్రిజ్, గాలి బాగా తగిలే నా మంచం, ఆమె బతికినంత కాలం సర్వహక్కులతో. ఇబ్రా భార్య ఆమెను ఆ గదిలోంచి కదపడానికి వీల్లేదు. ఈమె వచ్చిన కొత్తలో నేను ఎనిమిది నెలలు మాట్లాడలేదు. తర్వాత ఈమె లేకుండా అన్నం తినలేదు.

పెళ్ళి రోజు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఇద్దరం పెరట్లో చేపలు శుభ్రం చేస్తున్నాం. డోలు మోగింది. ఎవరో డకార్ నుంచి కూలి మేళాన్ని తెచ్చుకున్నారనుకున్నాను. రెండో దెబ్బకి చేతిలోని చేప జారింది. అది నా భర్త డోలు. ఛాతీ ఎత్తుండి, నడుము సన్నగా ఉండే పెద్ద డోలు, దింబ్ చెక్కది. ఆ తోలు గొంతు నా పిల్లల గొంతులా గుర్తుపడతాను. చేపల చేతులతోనే వీధిలోకి పరిగెత్తాను. వెనక నుంచి దియోర్ నా చెప్పులూ తలగుడ్డా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. “అక్కా, ఆగు! శత్రువు వాకిట్లోకి ఉత్త తలతో వెళ్తావా?” అని నడివీధిలో నా తలకు గుడ్డ చుట్టింది. గది ఇచ్చింది అందుకే.

5. నా కూతురు మరేమ్‌కు, నా పెళ్ళినాటి నీలి రంగు బుబు గౌను, రెండు వెండి కడియాలు. ఆమె చేసినది ఇక్కడ రాయించకపోతే ఆమె పిల్లలకు వేరేవాళ్ళు అందంగా చెబుతారు.

రుఖాయా వాకిట్లో డేరా కింద కుర్చీల వలయం. ఒక పక్క నా మరిది బిరామ్, మెడకు పట్టీతో తగిలించుకున్న నా భర్త డోలు, చేతిలో చింతబరికె. వలయం నడుమ నా కూతురు. తనను కాదన్న వాడి పెళ్ళిలో, పచ్చ గుడ్డలు కట్టుకుని, మోకాళ్ళు ఛాతీకి తగిలేలా ఎగిరి ఆడుతోంది. ఒక్కో గంతుకి ఒక్కో అడుగు ముందుకు వేస్తూ రుఖాయా కుర్చీ దాకా వచ్చింది. గెవెల్ పిల్ల ఎదుట నిలబడి ఆడితే పెద్ద కులపు మనిషి ఏదో ఒకటి ఇవ్వక తప్పదు. ఊరంతా చూస్తోంది. రుఖాయా లేచింది, భుజం మీది జరీ శాలువా తీసి, “నా తల్లే, తీసుకో” అంటూ మరేమ్ భుజాన వేసింది.

మరేమ్ భుజం విదిలించింది. శాలువా ఇసకలో పడింది. “మీ రక్తంలో డోలు లేదన్నారు కదత్తా. మీ గుడ్డ మా ఒంటి మీద ఎలా నిలుస్తుంది?” అంది, వంటవాళ్ళకు కూడా వినబడేలా. తర్వాత దాని మీదే ఆడింది. మేడ మీది కిటికీ మూసుకుంది. అక్కడ నిలబడ్డది అల్యూన్ అని అందరికీ తెలుసు.

ఆడవాళ్ళు ఈ రోజుకీ చప్పట్లు కొట్టి చెప్పుకుంటారు. వాళ్ళకు తెలియనిది నేను చెబుతాను. మరునాడు గోరా ముసలాయన, నా మాట మీద ప్రమాణం చేసినవాళ్ళలో పెద్ద, నా గుమ్మం దాటి లోపలికి కూడా రాకుండా, “అందరి డోళ్ళూ మూయించి నీ డోలు మోగించావు. ఇక నీ మాట నమ్మి డోలు తోలు బిగియడానికి ఎండలో కూడా పెట్టం” అని వెళ్ళాడు. ఊళ్ళో నా మాటకున్న విలువ ఆ రోజుతో పోయింది. పైగా మూగదై పోవలసిన పెళ్ళిని ఇరవై మూడేళ్ళుగా చెప్పుకునే పెళ్ళిగా చేసింది నా కూతురే. రుఖాయా దాని గురించి ఇప్పుడు గర్వంగా చెబుతోందని విన్నాను.

తాళం పగలగొట్టింది తానేనని బిరామ్ అన్నాడు. వెళ్ళి చూశాను. తాళానికి గీత కూడా లేదు. నేను నమాజులో ఉండగా నా దిండు కింది తాళంచెవి తీసింది మరేమ్. బాబాయిని పిలిచిందీ ఆమే. “నువ్వు నా కోసం నోరు మూయించావమ్మా. నాకు నోరు కావాలి” అంది. ఆమె కోసమే చేశానని ఆమెకు తెలుసు, అయినా అంది. కడియాలు అరిగిపోయాయి, తోమించుకోవాలి.

6. నా మరిది బిరామ్ సంబ్ విషయం.

ఇరవై మూడేళ్ళు వీడితో మాట్లాడలేదు. పండక్కి మాంసం పంపితే పక్కింటికి పంపేశాను. డోలు పట్టుకెళ్ళినందుకు కాదు. ఆ రోజు నేను గుంపు చీల్చుకుని ముందుకు వెళ్ళి, డోలు వాడి మెడలోంచి లాగేయాలని చెయ్యి చాపబోయాను. అప్పుడే మరేమ్ కాలు లేచింది. ఎత్తిన కాలు ఎక్కడ దిగుతుందో డోలు పట్టినవాడికి ముందే తెలియాలి. వీడికి తెలిసింది. దెబ్బా అడుగూ ఒక్కటిగా పడ్డాయి. నా చెయ్యి ఆగిపోయింది. ఇసకలో నా కాలు, నన్నడక్కుండా, దరువు వేస్తోంది. బిరామ్ అది చూశాడు. చూసి నవ్వాడు. నా పరువు అక్కడ మంటగలుస్తుంటే పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

ఆ నవ్వును నేను క్షమించలేదు. లేఖరి మంచివాడు, పోయేముందు పుణ్యమని ‘క్షమించి’ అని ఒకచోట రాశాడు. కొట్టేయించాను. కొట్టివేత మీద నా వేలిముద్ర ఉంది.

నా భర్త పెద్ద డోలు, దాని చింతబరికెతో సహా, బిరామ్ సంబ్‌కు. దాన విక్రయ హక్కులు లేవు. వాయించే హక్కు ఒక్కటే. ఆ పూట వాడు ఒక్క దెబ్బ తప్పు కొట్టలేదు. నా భర్త కూడా, బతికున్నన్నాళ్ళూ, మరేమ్ కాలికి అంత సరిగా కొట్టలేదు. ఈ మాట రాయించడం నాకు ఇష్టం లేదు. ఇష్టం లేనివన్నీ రాయించకపోతే ఇది వీలునామా కాదు.

డోలు అప్పగించేటప్పుడు ఎవరూ కన్నీళ్ళు పెట్టవద్దు. వాడు దాన్ని మరోలా అర్థం చేసుకుంటాడు.

7. మరేమ్ కూతురు సోఖ్నాకు, నా మొలపూసలు, అన్ని వరసలూ. ఎలా వాడాలో దియోర్ చెబుతుంది, వాళ్ళమ్మకు సిగ్గు.

సోఖ్నా పెళ్ళి తబాస్కి, అంటే బక్రీదు, పండుగ తర్వాత. నేను ముందే పోయినా వాయిదా వేయకూడదు. గోరా ఇంటివాళ్ళను మరేమ్ స్వయంగా వెళ్ళి పిలవాలి, గుమ్మం బయటే నిలబెట్టినా నిలబడాలి. అజా రుఖాయాను కూడా పిలవాలి. ఆమెకు ఎనభై దాటినా చెవులు బాగానే పనిచేస్తున్నాయట. మర్యాదకు లోటు రాకూడదు. ముందు వరసలో, మంచి కుర్చీ, మెత్త వేసినది. డేరా నీడ అందని చోట, పడమటి ఎండ సరిగ్గా మొహాన పడేలా వేయించవలెను.

ఇది నా చివరి మాట. చదివి వినిపించగా విని, మూడు చోట్ల దిద్దించి, ఒప్పుకుని వేలిముద్ర వేశాను.

2014 జూన్ 3, మంగళవారం, రుఫిస్క్.

యాసిన్ సెక్ (ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:
ఉస్మాన్ ద్యూఫ్, చేపల రేవు, చావ్లెన్ పేట
కోడు సార్, మంత్రసాని, అదే పేట