అక్క జడకి పెట్టుకునే ఎర్ర బ్యాండు

బావా,

బస్సుకి టైమైంది, కారు వదిలేసి వెళ్తున్నా. కూలెంట్ లీకు దొరికింది, బాగుచేశాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి, మెట్ల కింద పెట్టిన డబ్బాలోని కూలెంట్ నిండా పోసెయ్. కుళాయి నీళ్ళు కాదు.

మన షెడ్డు నేల ముందుకి వాలుగా ఉంటుందని దగ్గరుండి వేయించిన నీకు తెలియదా? ఇంజిన్ వెనక కారిన నీళ్ళు దాని అడుగున జారి ముందు పడుతున్నాయి. నువ్వేమో పడ్డచోటే పట్టుకుని, ముందు పైపు రెండుసార్లు మార్చావు. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా! పైగా "మా మరదలి డ్రైవింగ్‌కి ఇంజినే ఏడుస్తోంది" అని వీధంతా చాటావు. ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే.

కారు తిప్పిపెట్టి చూశాను. నీళ్ళు వెనక పడ్డాయి. వెనక పైపుకి క్లిప్పు లేదు. దాని బదులు అక్క జడకి పెట్టుకునే ఎర్ర రబ్బరు బ్యాండు, వేడికి పగిలిపోయి వేలాడుతోంది. పోయినేడు "మెకానిక్ దేనికి, నేను లేనూ?" అంటూ కట్టిన మహానుభావుడెవరో గుర్తొచ్చాడా? ఈ కారులోనేనా శుక్రవారం అక్కని కాన్పుకి తీసుకెళ్తానన్నావు?

కొత్త క్లిప్పు బిగించాను. బ్యాండు సంగతి అక్కకి చెప్పలేదు.

మళ్ళీ చెప్తున్నా, వేడి మీద మూత తియ్యకు. ఆవిరి మొహాన కొడుతుంది. ఆ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది గానీ, నొప్పులొచ్చినప్పుడు ఎదురుగా అదే ఉండాలంటోంది అక్క.