ఎల్లయ్య చాయ్ గ్లాసు

హనుమకొండ, 1979, ఆదివారం

డప్పు ఎల్లయ్య పోయాక అభిమానులు చందాలేసి పెట్టిన మ్యూజియం ఇవాళ మా ముందుగదిలో తెరిచారు. బతికుండగా ఆయన ఆ గడప దాటలేదు. అద్దాల బీరువాలో ఆయన డప్పు, పక్కన "ఎల్లయ్య గారు చాయ్ తాగిన గ్లాసు" అన్న చీటీతో మా బాపు ఇచ్చిన గ్లాసు. ఎల్లయ్య కులంవాళ్లకని అరుగు చివర విడిగా బోర్లించేదే అది.

ఆయన భార్య పోశవ్వ మెట్ల కింద నుంచే చూసి, "గిది మా గ్లాసే గద సావుకారీ! లోపటికెట్ల రానిచ్చిన్రు?" అంది. అందరూ నవ్వారు, బాపు కూడా. "అవ్వకు జర చాయ్ పొయ్‌రి" అన్నాడు.

వంటింట్లో బోలెడు గ్లాసులున్నాయి. అమ్మ మాత్రం బీరువా తెరిచి ఆ గ్లాసే తీసింది. పోశవ్వ తాగి, కడిగి, ఎప్పటిలాగే అరుగు చివర బోర్లించి పోయింది.

ఇక దాన్ని ముట్టుకునేదెవరు? అభిమానులు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఇళ్లకు పోయారు. బీరువాలో ఇప్పుడు డప్పు పక్కన చీటీ ఒక్కటే ఉంది.