రంగప్ప సారుకు చాలిన ఒక్క గోల్

గురువారం, రాత్రి

ఎమ్మిగనూరు నుంచి ఇప్పుడే వచ్చాను. ఈరోజు ఒక్కపొద్దు, అయినా ఆకలి లేదు. రంగప్ప సారు ఓడిపోయాడు. దాంతోనే కడుపు నిండింది.

ఆదోని అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే ఎప్పుడూ కోచ్. ఒక గోల్ కొట్టగానే అందర్నీ వెనక్కి పిలిచి కాపలా పెట్టడమే ఆయన ఆట. మా చిన్నచెల్లెలు విమల ఆ జట్టులో ఉన్నప్పుడు, ఆయన పిలుస్తున్నా ముందుకే పోయి రెండో గోల్ కొట్టింది. "సెప్పిన మాట ఇననోళ్లు నాకొద్దు, పో" అని అందరి ముందూ తీసేశాడు. అది చాలా రోజులు సరిగా అన్నం తినలేదు. నేను మరిచిపోలేదు.

ఇప్పుడు విమల ఎమ్మిగనూరు జట్టుకు కోచ్. ఈరోజు ఈ రెండు జట్ల ఆటలో ఆదోని పిల్లలు ముందుగా గోల్ కొట్టారు. సారు పాత అరుపే అరిచాడు. "ఎనక్కి రాండి, ఎనక్కి!"

విమల నవ్వింది. "ఇంగ మన పక్కకు ఎవరూ రారు. అందరూ పోండి!" అని వెనకున్న పిల్లల్ని కూడా పంపింది. విమల పిల్లలు రెండు గోల్స్ కొట్టారు.

అప్పుడు విమల కూడా "ఎనక్కి" అని నోరు తెరిచింది. లేచి నిలబడి అరిచాను. "విమలా, వాళ్లను వెనక్కి పిలిస్తే నువ్వు ఇంటికి రావద్దు!"

"కూసో అక్కా, అందరూ సూస్తాండారు!" అంటూనే పిల్లల్ని ముందుకు తోలింది. మూడోది కూడా పడింది.

ఇందాక దీపం ముందు కూర్చున్నాను. ఒకరి ఓటమికి ఇంత సంతోషపడినందుకు క్షమించమని అడగాలి. అడగలేదు. రంగప్ప సారుకు మంచి ఆరోగ్యం ఇవ్వమని, వచ్చే ఏడు కూడా ఆయన్నే కోచ్‌గా ఉంచమని, ఆ బుద్ధి మాత్రం మార్చవద్దని స్వామిని వేడుకున్నాను.