వెనక సందు గేటు

అక్కా,

నువ్వు డ్యూటీలో ఉండగానే వెనక సందుకి గేటు బిగించేశాం. నీ తాళంచెవి ఫ్రిజ్ మీదుంది. రేపట్నుంచి సందులోంచే రా, వచ్చాక మళ్ళీ తాళం వెయ్యి. రంగు ఇంకా ఆరలేదు, నర్సు యూనిఫాం తగలనివ్వకు.

ఆ సందులో నీ బ్యాగు లాక్కుపోయిన రోజు నుంచీ మెయిన్ రోడ్డంతా చుట్టి వస్తున్నావు. ఇక ఆ తిప్పలు లేవు. సందులో సీసాలు పట్టుకుని కూర్చునే బ్యాచి మధ్యాహ్నం వచ్చి, గేటు చూసి వెనక్కి పోయారు. ఏడాదిగా స్టూలు కాలు అతికించలేనివాడివి గేటేం చేస్తావన్నావుగా! వెల్డింగంతా నాదే. ఊపి చూసుకో.

షాపుకి వెళ్తున్నా.

తమ్ముడు

మర్చిపోయా. నువ్వు పొట్టి కదా, గడియ నీ చేతికందేట్టు కిందికి పెట్టాను. ఇరుగుపొరుగులో పొడుగువాళ్ళంతా వంగాల్సొస్తోందని సణుగుతున్నారు. వంగనీ.