తొడమీద నల్లమచ్చ

అక్కా,

నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. కాలిలో రక్తం గడ్డకట్టిందని, పలచబడటానికి మాత్రలిచ్చారు కదా? అవి పడక తొడమీద చర్మం నల్లగా కమిలి, భగభగ మండింది. చూపించడానికి సిగ్గేసి, కుట్టుమిషన్ ముందు ఓ పక్కకి ఒరిగి కూర్చున్నాను. కోడలు పట్టేసింది.

"సిగ్గు తర్వాత పడుదురుగాని అత్తయ్యా, ముందు బయల్దేరండి!"

డాక్టరమ్మ ఆ మాత్ర ఆపి, బదులుగా సూదిమందు మొదలుపెట్టింది. వేలల్లో ఒకరికి ఇలా అవుతుందట. లాటరీ మాత్రం ఒక్కటీ తగల్లేదు చూడు! పుండు మానుతోంది.

దీనికి కారణం రక్తంలో పుట్టుకతో వచ్చిన లోపమట, తోబుట్టువులకీ ఉండొచ్చట. నీ మోకాలి ఆపరేషన్ అయ్యాక నీకూ ఇలాంటి మాత్రలే ఇవ్వొచ్చు, అందుకే ముందే రక్తపరీక్ష చేయించుకో.

అమ్మ పోలికలన్నీ నీకే వచ్చాయని చిన్నప్పుడు ఏడ్చేదాన్ని. ఈ ఒక్కటీ నాకే వచ్చుండాలని ఇప్పుడు దణ్ణం పెట్టుకుంటున్నాను.

నీ చెల్లి