అద్దం మీది స్టిక్కర్

ఏమండీ, మంచి నిద్రలో ఉన్నారని లేపలేదు. కారు ఇంటి దగ్గరే ఉంది, తాళం మాత్రం నాతో తీసుకెళ్తున్నాను, ఇల్లంతా వెతక్కండి. జెస్సీని గుడివాడ పళ్ల డాక్టరు దగ్గరికి బస్సులోనే తీసుకెళ్లండి.

నిన్న సాయంత్రం స్కూలు నుంచి వస్తుంటే, మొవ్వ దాటాక రోడ్డు మీదే వడ్ల ట్రాక్టర్ ఆగి ఉంది. ఏదైనా అడ్డొస్తే కారు బీప్ కొట్టి దానంతటదే బ్రేక్ వేస్తుందని మీరేగా చెప్పారు! ఆ బీప్ కోసం నా కాలు కూడా ఎదురుచూసింది. అది రాలేదు. ఆఖర్లో నేనే తొక్కాను. మధ్యలో జానెడే మిగిలింది.

ముందు ఏముందో చూసే కెమెరా లోపలి అద్దం వెనక ఉందట. సరిగ్గా దాని ఎదురుగా, కారు ముందద్దం మీదే కదా అత్తయ్యగారు ప్రార్థన చేయించి బైబిల్ వాక్యం స్టిక్కర్ అంటించారు. కెమెరాకి ఏమీ కనపడటం లేదని కారు రోజూ తెర మీద చెబుతూనే ఉంది. చదవకుండా ఓకే నొక్కేశాను. మీరూ అంతే.

స్టిక్కర్ పీకాను గానీ జిగురు పోలేదు. షోరూమ్ వాళ్లు శుభ్రం చేసి, పరీక్షించి ఇచ్చేదాకా కారు తీయొద్దు. ఇచ్చాక కూడా బీప్‌ని నమ్ముకుని ఫోన్ చూడకండి, మీకు దణ్ణం పెడతాను.

అత్తయ్యగారికి చెప్పకండి, బాధపడతారు. స్టిక్కర్ నా బైబిల్‌లో దాచాను.

హన్నా

నిన్న వెనక సీట్లో జెస్సీ కూడా ఉంది. ఆ కుదుపుకి నిద్ర లేచి, “ఇల్లొచ్చేసిందా మమ్మీ?” అంది.