అవ్వ గుడిసె అలికాను

అవ్వా,

నువ్వున్నప్పుడు నీకు చదువు రాదు, ఇప్పుడు నువ్వే లేవు. అయినా ఈ కోపం నీకు చెప్పకుండా ఉండలేను.

చర్చి వాళ్లు కట్టించిన ఇల్లు పూర్తయింది. ఈరోజు అయ్యగారు ప్రార్థన చేసి ప్రతిష్ఠించారు. ఇల్లిచ్చినందుకు దేవునికి స్తోత్రం. సంఘ పెద్దకు మాత్రం నా నోట మంచిమాట రాదు. పక్కనున్న నీ గుడిసెను ఆయన పడగొట్టనివ్వలేదు. మనం ముందు ఎట్లా బతికామో దాతలకు చూపించాలట.

ఇల్లు కోసం దాతలకు పంపడానికి మొదట మన గుడిసె ఫొటోలు తీసిన రోజు ఆయన నీతో అన్న మాట నేను మరవలేదు.

"గోడలు అలుకకు సుగుణమ్మా. ఫొటోల పేదోళ్ల ఇల్లు లెక్క కనబడాలె."

ఆదివారం ప్రార్థనకు ముందు ప్రతి శనివారం ఇల్లు అలికేదానివి. ఎక్కడ ఇల్లు రాకుండా పోతుందోనని ఆ మాటతో మానేశావు. పెచ్చులూడిన ఆ గోడల మధ్యే పోయావు.

నిన్న గుట్ట దగ్గరి ఎర్రమట్టి తెచ్చి గుడిసె లోపలా బయటా అలికాను. చెన్నూరు అంగట్లో సున్నం కొనుక్కొచ్చి, నీలాగే గోడల అంచున తెల్లగీత గీశాను. ఈరోజు దాతలు లోపలికొచ్చి, చల్లగా ఉందని నీ మంచం మీదే కూర్చున్నారు.

పెద్ద నన్ను పక్కకు పిలిచి పళ్లు కొరికాడు. "గిట్ల అలికితె గిది పాత ఇల్లని ఎట్ల చెప్పాలె? మంచిగ పరేషాన్ చేసినవ్."

"పాత ఇల్లని ఎందుకు చెప్తరు పెద్దయ్యా," అన్నాను. "మా అవ్వ ఇల్లని చెప్పుండ్రి."